హాల్లో సముద్రం, రాగి చెంబులో గండం



పెంపుడు జంతువు అనగానే మనకు కుక్క, పిల్లి గుర్తొస్తాయి. మహా అయితే గాజు తొట్టిలో నాలుగు రంగు చేపలు. మా ఇబ్రహీంపట్నం వైపు బర్రెలు, మేకలు, కోళ్లు ఉంటాయి గానీ వాటిని పెంపుడు జంతువులని ఎవరూ అనరు, ‘జీవాలు’ అంటారు. అట్లాంటి ఊళ్లో ఒకనాటి రాత్రి మా చిన్నోడు అన్నం కలుపుకుంటూ, “అమ్మా, మనింట్ల ఆక్టోపస్‌ను పెంచుదామా?” అన్నాడు.

నేను చారు గరిటె పట్టుకుని అట్లాగే ఉండిపోయాను. మా అత్తమ్మకు సగమే వినపడింది. “కొత్త బండి కావాలంటున్నడా ఏంది?” అని అడిగింది. మా వారు నవ్వి, “బండి కాదమ్మా, సముద్రంల ఉంటది. ఎనిమిది చేతులు” అన్నారు. “ఎనిమిది చేతులైతే మంచిదే గదా, కోడలికి పనిల సాయమైతది” అంది అత్తమ్మ.

ఆ రోజు అందరం నవ్వుకున్నాం. కానీ ఆ మాట మా ఇంట్లో రెండేళ్లు నలిగింది. ఆ ముచ్చటే ఈ వారం మీతో చెప్పుకుందామని కూర్చున్నాను. పిల్లలు ఫోన్లో చూసి ఎప్పుడు ఏది అడుగుతారో చెప్పలేం. రేపు మీ ఇంట్లోనూ ఇదే ప్రశ్న పుట్టవచ్చు. అప్పుడు నా అనుభవం మీకు పనికొస్తుంది.

సంగతేమిటంటే, కరోనా రోజుల్లో కాలేజీ మూసేస్తే వాడు ఇంట్లోనే ఉన్నాడు. అప్పుడు ‘మై ఆక్టోపస్ టీచర్’ అనే సినిమా చూశాడు. 2020లో వచ్చిన సినిమా, 2021లో ఆస్కార్ కూడా తెచ్చుకుంది. దక్షిణాఫ్రికాలో క్రెయిగ్ ఫాస్టర్ అనే ఆయన చల్లటి సముద్రంలో రోజూ మునిగి, ఒక ఆడ ఆక్టోపస్‌తో స్నేహం చేస్తాడు. కల్పించిన కథ కాదు, నిజంగా జరిగిందే. వాడు నన్నూ కూర్చోబెట్టి చూపించాడు. ఆ జీవి తన చెయ్యి చాచి ఆయన చేతిని ముట్టుకుంటుంటే, నిజం చెప్పొద్దూ, నా కళ్లు చెమ్మగిల్లాయి.

ఇక వాడికి అదే ధ్యాస. కూరగాయలు తరుగుతుంటే పక్కన నిలబడి పాఠం చెప్పేవాడు. ఆక్టోపస్ ఒంట్లో ఒక్క ఎముక ఉండదట. గుండెలు మూడు. రక్తం ఎరుపు కాదు, నీలం. మన మెదడులో ఉండే నరాల కణాల వంటివి దానికి 50 కోట్ల దాకా ఉంటాయట. అందులో మూడింట రెండు వంతులు చేతుల్లోనే ఉంటాయట. అంటే ఒక్కో చెయ్యీ సొంతంగా ఆలోచించినట్టే. సీసా మూత తిప్పి లోపలి ఎండ్రకాయను తీసుకుని తింటుంది. రాయి పక్కన రాయి రంగు, ఇసుక మీద ఇసుక రంగు వేసుకుంటుంది. ఇంత తెలివైనది ఇంట్లో ఉంటే ఎంత బాగుంటుందో అని వాడి ఆశ.

మా వారు విత్తనాల దుకాణం మనిషి. లెక్క లేకుండా ఏ మాటా ఒప్పుకోరు. “ముందు ఉప్పునీళ్ల తొట్టి పెట్టు. అందులో చిన్న చేపల్ని ఏడాది బతికించి చూపించు. ఆ తర్వాత నీ ఎనిమిది చేతులదాని సంగతి చూద్దాం” అన్నారు. వాడు ట్యూషన్లు చెప్పి దాచుకున్న డబ్బుంది. సరేనన్నాడు. 2022 దీపావళి పోయాక మా హాల్లో తొట్టి వెలిసింది.

ఉప్పునీళ్ల తొట్టి అంటే ఏమిటో నాకప్పుడే తెలిసింది. మామూలు చేపల తొట్టి మంచినీళ్లది. దీనికి సముద్రాన్ని మనమే తయారు చేయాలి. మా ఊరి నుంచి సముద్రం ఎటు పోయినా వందల కిలోమీటర్లు. క్యాన్లలో తెచ్చేది కాదు కదా! అందుకని దుకాణంలో సముద్రపు ఉప్పు పొడి అమ్ముతారు. లీటరు నీళ్లకు 35 గ్రాముల లెక్కన కలపాలి. మా తొట్టి మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు. దాదాపు 190 లీటర్లు. అంటే ఒక్కసారికే ఆరున్నర కిలోల పైన ఉప్పు. “ఇంత ఉప్పుతో నేను రెండేళ్లు ఆవకాయ పెడతాను గదరా” అన్నాను. వంటింటి ఉప్పు పనికిరాదట. అందులో అయొడిన్, ఉండ కట్టకుండా కలిపే మందు తప్ప సముద్రంలో ఉండే కాల్షియం, మెగ్నీషియం వంటివి చాలినంత ఉండవు.

మా బోరు నీళ్లు గట్టి నీళ్లు. పప్పు ఉడకదు, సబ్బు నురగ రాదు. కాబట్టి తొట్టికి ఆర్వో నీళ్లే వాడాలన్నాడు. లీటరు మంచినీళ్లకు రెండు మూడు లీటర్లు వృథాగా పోతాయి. ట్యాంకరు కోసం బిందెలతో లైన్లో నిలబడ్డ రోజులు చూసినదాన్ని, నాకు ప్రాణం ఉసూరుమంది. ఆ పోయే నీళ్లు బకెట్లో పట్టి ఇల్లు తుడవడానికి, బాత్రూములకు వాడటం మొదలుపెట్టాను.

నీళ్లు కలిపిన వెంటనే చేపను వేయకూడదు. ఇది మనకు బాగా అర్థమయ్యే సంగతి. పాలలో తోడు వేస్తాం కదా, తొట్టి కూడా అట్లాగే తోడుకోవాలి. చేపలు విసర్జించినది, మిగిలిన తిండి కుళ్లి అమ్మోనియా అనే విషం పుడుతుంది. ఒక రకం సూక్ష్మజీవులు దాన్ని నైట్రైటుగా మారుస్తాయి. అదీ విషమే. ఇంకో రకం వచ్చి దాన్ని నైట్రేటు చేస్తాయి. దానితో ప్రమాదం తక్కువ. ఈ రెండు రకాల సూక్ష్మజీవులూ రాళ్ల మీద, ఇసుకలో స్థిరపడటానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. చలికాలంలో పెరుగు ఆలస్యంగా తోడుకున్నట్టే ఇదీ ఆలస్యం. ఆక్టోపస్ కోసమైతే కనీసం మూడు నెలలు ముదిరిన తొట్టి కావాలట. పచ్చి తొట్టిలో వేస్తే అది బతకదు.

ఇంకో సంగతి. రోజూ నీళ్లు ఆవిరైపోతుంటాయి, ఉప్పు మాత్రం అట్లాగే ఉండిపోతుంది. చారు ఎక్కువ మరిగితే ఉప్పెక్కుతుంది, అప్పుడు మనం మళ్లీ ఉప్పు వేయం, కాసిని నీళ్లు పోస్తాం. తొట్టికీ అంతే. తగ్గిన మేరకు రోజూ మంచినీళ్లే పోయాలి. పదిహేను రోజులకోసారి 40 లీటర్లు తీసేసి, అప్పుడు మాత్రం ఉప్పు కలిపిన కొత్త నీళ్లు పోయాలి. దానికి మళ్లీ కిలోన్నర దగ్గర ఉప్పు.

నెలన్నరకు రెండు జోకరు చేపలు వచ్చాయి. నారింజ రంగు మీద తెల్ల పట్టీలు. ఇవి తొట్టెల్లో పుట్టి పెరిగినవి. మన దేశంలో కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ వాళ్లు ఈ చేపల్ని పెంపకంలో పిల్లలు పెట్టించే పద్ధతి కనిపెట్టారు. తర్వాత రెండు రొయ్యలు తెచ్చాడు. కూరలో వేసే రొయ్యలు కావవి. ఎర్రటి వీపు మీద తెల్ల గీత, పొడుగాటి తెల్ల మీసాలు. చేపల ఒంటి మీది మురికిని ఏరి తింటాయి. తొట్టిలో చెయ్యి పెడితే నా గోళ్లు కూడా శుభ్రం చేసేవి. అందులో ఒకదానికి నేను లచ్చిమి అని పేరు పెట్టుకున్నాను. పొద్దున దీపం పెట్టి, కాఫీ గ్లాసుతో తొట్టి దగ్గర నిలబడితే, లచ్చిమి మీసాలు ఊపుకుంటూ గాజు దగ్గరికి వచ్చేది.

ఇక్కడ ఒక మాట. వాడు పొద్దున ఏడింటికి కాలేజీ బస్సెక్కితే సాయంత్రం ఆరింటికి దిగుతాడు. మా వారు దుకాణం నుంచి తొమ్మిదింటికి వస్తారు. మరి పగలంతా తొట్టిని చూసేదెవరు? కరెంటు పోతే గాలి మోటారు ఆగిందేమో చూసేదెవరు? మీకు వేరే చెప్పాలా? ఏ ఇంట్లో ఎవరు ఏ జీవాన్ని తెచ్చినా మూడో నెలకు అది అమ్మ పని అవుతుంది. ఇష్టం వాళ్లది, చాకిరీ మనది. నేనూ కాదనలేదు. కానీ నాకు ఎవరూ పాఠం మొత్తం చెప్పలేదు, నేనూ అడగలేదు. అక్కడే వచ్చింది గండం.

2023 వేసవి. ఏప్రిల్ ఎండలకు తొట్టిలో రోజుకు రెండు లీటర్ల దాకా నీళ్లు తగ్గేవి. వాడు ఆర్వో నీళ్లు క్యాన్లో పెట్టి, “రోజూ గీతదాకా పొయ్యమ్మా” అని చెప్పి వెళ్లేవాడు. మా ఇంట్లో రెండు లీటర్ల రాగి చెంబుంది. రాత్రి నీళ్లు పోసి పెట్టి, పొద్దున అందరం తాగుతాం. ఆర్వో నీళ్లలో సారం ఉండదని అందరూ అంటారు కదా. మనకు రాగి నీళ్లు బలమైతే ఈ మూగజీవాలకు మాత్రం వద్దా అనిపించింది. ఆర్వో నీళ్లనే రాత్రి రాగి చెంబులో పోసి, పొద్దున తొట్టిలో పొయ్యడం మొదలుపెట్టాను. ఎవరికీ చెప్పలేదు. చెప్పేంత విషయమని అనుకోలేదు.

మూడు వారాలు గడిచాయి. ముందు గాజుకు అతుక్కుని ఉండే నత్తలు కింద పడ్డాయి. తర్వాత ఒక రొయ్య. తర్వాతి శుక్రవారం పొద్దున దీపం పెట్టి వచ్చేసరికి లచ్చిమి పక్కకు ఒరిగి ఉంది. పాత పెంకు సగం ఊడి సగం ఒంటికే ఉండిపోయింది. మీసాలు కదలడం లేదు. చేపలు రెండూ మాత్రం బాగానే తిరుగుతున్నాయి.

వాడు వచ్చి నీళ్లు పరీక్ష చేశాడు. అమ్మోనియా లేదు, ఉప్పు సరిగ్గానే ఉంది. రెండు రోజులు తల పట్టుకుని కూర్చున్నాడు. తర్వాత ఇంకో పరీక్ష డబ్బా తెప్పించాడు. గాజు గొట్టంలో నీళ్ల రంగు మారింది. “అమ్మా, నీళ్లల్ల రాగి ఉంది. మన పైపులు ప్లాస్టిక్‌వే గదా, రాగి యాడికెళ్లి వచ్చింది?” అన్నాడు.

నా చూపు వంటింటి గట్టు మీది చెంబు మీద పడింది. గొంతు తడారిపోయింది. చెప్పకుండా ఉండొచ్చు. చెప్పకపోతే వాడికి ఎప్పటికీ తెలియదు. కానీ తెలియకపోతే మళ్లీ ఇంకో జీవి చస్తుంది. “నేనే పోసిన బిడ్డా, చెంబుల నీళ్లు. బలమని” అన్నాను.

వాడు ఒక్క మాట కూడా అనలేదు. మెట్లెక్కి డాబా మీదికి పోయాడు. తిడితే నయముండేది.

రాగి కొంచెం ఎక్కువైనా రొయ్యలు, నత్తలు, ఎండ్రకాయలు, ఆక్టోపస్‌ల వంటి వెన్నెముక లేని జీవాలకు విషమేనట. చేపలు కొంతవరకు తట్టుకుంటాయి. అందుకే చేపల రోగానికి వేసే కొన్ని మందుల్లో రాగి ఉంటుంది, ఆ మందులు ఈ జీవాలున్న తొట్టిలో వేయకూడదు. విచిత్రం చూడండి, ఆక్టోపస్ రక్తం నీలంగా ఉండేది రాగి వల్లనే. మన రక్తంలో ఇనుము ఉన్నట్టు దాని రక్తంలో రాగి ఉంటుంది. అయినా నీళ్లలో రాగి కలిస్తే దానికి చావే. మన రక్తంలో ఇనుముంది కదా అని మేకులు మింగుతామా? కళాయి లేని రాగి గిన్నెలో పులుసు కాయొద్దని మా అమ్మ చెప్పేది. రాగి కరిగి దిగుతుందని తెలిసీ, ఆ తెలివి ఆ రోజు నాకు అక్కరకు రాలేదు.

గంటకు వాడు కిందికి వచ్చి నా పక్కన కూర్చున్నాడు. “తప్పు నీది కాదమ్మా. తొట్టి పెట్టింది నేను, చూసే పని నీమీద పడేసిన. ఏది పొయ్యొచ్చో ఏది పొయ్యొద్దో చెప్పలేదు” అన్నాడు. కాసేపాగి, “లచ్చిమి ప్లేసుల ఆక్టోపస్ ఉంటే?” అన్నాడు. ఇద్దరం మాట్లాడలేదు.

నీళ్లు నాలుగైదుసార్లు మార్చాడు, బొగ్గు సంచులు పెట్టాడు. కానీ రాళ్లు ఒకసారి రాగిని పీల్చుకుంటే మెల్లమెల్లగా వదులుతూనే ఉంటాయట. కాబట్టి ఆ తొట్టి ఇక ఆక్టోపస్‌కు పనికిరాదని తేలిపోయింది.

అయినా ఆశ చావదు కదా. కొత్త తొట్టి పెడితే ఎట్లా ఉంటుందని లెక్క వేశాడు. ఈసారి నేనూ పక్కన కూర్చున్నాను. ఆక్టోపస్‌కు తొట్టి మొత్తం ఒక్కదానికే కావాలి. పక్కన చేపను పెడితే రాత్రికి భోంచేస్తుంది, ఇంకో ఆక్టోపస్‌ను పెడితే ఒకదాన్నొకటి తింటాయి. చల్లటి సముద్రపు రకానికైతే మన హైదరాబాదు ఎండల్లో నీళ్లు చల్లబరిచే మిషను రాత్రింబవళ్లు నడవాలి. వేడి సముద్రపు రకానికైనా మన మే నెల తట్టుకోవడం కష్టమే. తిండికి ఎండ్రకాయలు, రొయ్యలు కావాలి. శనివారం మా ఇంట్లో నీసు ముట్టం. దానికి శనివారమేమిటి, ఏకాదశేమిటి? భయపడితే సిరా చిమ్ముతుంది, వెంటనే నీళ్లు మార్చాలి.

అన్నిటికంటే మించి మూత. ఒంట్లో గట్టిగా ఉండేది చిలుక ముక్కు వంటి నోరు ఒక్కటే కాబట్టి, ఆ ముక్కు పట్టిన సందులో నుంచి ఒళ్లంతా జారిపోతుంది. న్యూజిలాండులో నేపియర్ అనే ఊళ్లోని జాతీయ అక్వేరియంలో ఇంకీ అనే ఆక్టోపస్ ఉండేది. 2016లో ఒక రాత్రి మూత కాస్త తెరిచి ఉంటే బయటికి వచ్చి, నేల మీద పాకి, నీళ్లు పోయే పైపులో దూరింది. ఆ పైపు 50 మీటర్ల పొడవు, అటు చివర సముద్రం. మళ్లీ కనిపించలేదు. జర్మనీలో కోబర్గ్ అనే ఊళ్లో ఒట్టో అనే ఇంకోటి 2008లో పైనున్న లైటు మీదికి నీళ్లు చిమ్మి కరెంటు పోగొట్టింది. అది విని మా అత్తమ్మ, “దానికి సముద్రం దగ్గరుంది కాబట్టి పోయింది. మనింట్ల నుంచి ఎల్తే యాడికి పోతది? పెద్దచెరువుకు పోతదా?” అంది. నవ్వొచ్చింది గానీ, ఆలోచిస్తే గుండె కలుక్కుమంది. మా పెద్దచెరువు మంచినీళ్ల చెరువు. అక్కడికి చేరినా అది బతకదు. మా హాల్లో నుంచి దానికి దారంటూ ఏదీ లేదు.

ఇంకా ఒక సంగతి ఉంది. అది విన్నాక నాకు రెండు రోజులు అన్నం సయించలేదు. ఆక్టోపస్ ఆయుష్షు చాలా తక్కువ. చిన్న రకాలు ఏడాది దాకా, మామూలు రకం ఏడాది రెండేళ్లు. పెద్ద రకాలు మూడు నుంచి ఐదేళ్లు. దుకాణంలో దొరికేవి చాలావరకు సముద్రంలో పట్టి తెచ్చినవే, వయసెంతో ఎవరూ చెప్పలేరు. మనం తెచ్చేనాటికి దానికి నాలుగు నెలలే మిగిలి ఉండొచ్చు. ఆడది గుడ్లు పెట్టిందంటే తిండి మానేస్తుంది. గుడ్ల మీదికి నీళ్లు ఊదుతూ, వాటిని తుడుస్తూ, కాపలా కాస్తూ అక్కడే కూర్చుంటుంది. పిల్లలు పొదిగే నాటికి చిక్కి శల్యమై ప్రాణం వదులుతుంది. కాలిఫోర్నియా దగ్గర లోతు సముద్రంలో ఒక తల్లి ఆక్టోపస్ 53 నెలలు ఒకే చోట గుడ్లు కాచుకుని కూర్చోవడం శాస్త్రజ్ఞులు చూశారు. 2007లో మొదలుపెట్టి 2011 దాకా వెళ్లి వెళ్లి చూసి, 2014లో ప్రకటించారు. నాలుగేళ్ల ఐదు నెలలు! ఆ అన్ని రోజుల్లో అది తినగా వాళ్లు ఒక్కసారి కూడా చూడలేదు.

“చూసినవా అమ్మా, తల్లి ప్రేమ” అన్నాడు వాడు. నేను ఒప్పుకోలేదు. వాడే చదివి చెప్పిన ఇంకో సంగతి నాకు గుర్తుంది. 1977లో అమెరికాలో జెరోమ్ వోడిన్‌స్కీ అనే శాస్త్రజ్ఞుడు ఒక ప్రయోగం చేశాడు. ఆక్టోపస్‌ల కళ్ల దగ్గర ఉండే చిన్న గ్రంథులను తీసేస్తే, గుడ్ల మీద కూర్చున్న తల్లులు లేచి, మళ్లీ తినడం మొదలుపెట్టి, ఇంకా చాలా రోజులు బతికాయి. అంటే దాన్ని తినకుండా కూర్చోబెట్టేది ఆ గ్రంథి. పాపం, దానికి వేరే దారి లేదు.

మనకు అట్లాంటి గ్రంథి లేదు చెల్లెళ్లూ. అయినా ఎంతమందిమి అందరూ తిన్నాక అడుగూ బొడుగూ తిని, “నాకు ఆకలి లేదులే” అంటున్నాం? నాది నలభై దాటిన వయసు. కిందటేడు రక్తం పరీక్ష చేయిస్తే డాక్టరమ్మ రక్తం తక్కువుందని కేకలేసింది. ఆక్టోపస్‌కు రాసి పెట్టి ఉంది, మనకు రాసి పెట్టి లేదు. వేళకు తినండి. ఆ సముద్రపు తల్లి నాకు నేర్పింది ఇదొక్కటే అయినా చాలు.

ఆ ఏడాది చివర సంక్రాంతికి ముందు, మా ఆడపడుచు వాళ్లింటికి విశాఖపట్నం వెళ్లాం. వాడు ఫిషింగ్ హార్బరు చూస్తానన్నాడు. తెల్లవారుజామున వెళ్లాం. బోట్ల నుంచి బుట్టలు దిగుతున్నాయి. ఒక బుట్టలో రొయ్యలు, ఇంకో బుట్టలో చందువాలు, ఒక మూల ప్లాస్టిక్ ట్రేలో ఐసు మీద ఆక్టోపస్‌లు. బూడిద రంగు ముద్దలుగా, చేతులన్నీ ఒకదాంట్లో ఒకటి చిక్కుకుని. విదేశాలకు ఎగుమతి చేస్తారట. వాటిని వేరు చేస్తున్న ఆడవాళ్లు మాతో మాట్లాడుతూనే చకచకా చేతులు ఆడిస్తున్నారు. వాళ్ల బతుకు అది, తప్పు పట్టడానికి నేనెవర్ని? చేపల కూర తినేదాన్నే. కానీ వాడు ఆ ట్రే దగ్గర చాలాసేపు నిలబడ్డాడు.

మర్నాడు ఆటుపోటు చూసుకుని, నీళ్లు బాగా వెనక్కి తగ్గే వేళకు జోడుగుళ్లపాలెం రాళ్ల దగ్గరికి వెళ్లాం. సముద్రం వెనక్కి పోయినప్పుడు రాళ్ల మధ్య మడుగుల్లో నీళ్లు నిలుస్తాయి. అందులో ఒక లోకమే ఉంటుంది. విశాఖలో ఈస్ట్ కోస్ట్ కన్జర్వేషన్ టీమ్ అనే సంస్థ ఇట్లా జనాన్ని తీసుకుపోయి చూపిస్తూ వచ్చింది. ఏదీ పట్టుకోకూడదు, రాయి తిరగెయ్యకూడదు, ఊరికే చూడాలి. నేను చీర కుచ్చిళ్లు దోపుకుని, వాడి భుజం పట్టుకుని, నాచు రాళ్ల మీద అడుగులో అడుగు వేసుకుంటూ నడిచాను. పువ్వుల్లాంటి జీవులు, వేలెడంత ఎండ్రకాయలు, అరచేతిలో పట్టే నక్షత్రపు చేప.

అప్పుడు వాడు నా చెయ్యి గట్టిగా నొక్కాడు. ఒక రాతి సందు ముందు తిని పారేసిన గుల్లలు చిన్న కుప్పగా ఉన్నాయి. అదే దాని వాకిలి గుర్తట. లోపల నుంచి ఒక కన్ను మమ్మల్ని చూస్తోంది. మేం కదల్లేదు. కాసేపటికి ఒక చెయ్యి బయటికి వచ్చింది, ఒక గుల్లను తడిమి చూసి పక్కకు జరిపింది. అచ్చం మనం వాకిట్లో చెప్పులు సర్దినట్టు. తర్వాత ఒళ్లంతా బయటికి వచ్చి, ముదురు గోధుమ నుంచి ఇసుక రంగుకు మారి, చూస్తుండగానే రాయిలో కలిసిపోయింది. మొత్తం ఐదు నిమిషాలు ఉంటుందేమో.

తిరిగి వస్తుంటే వాడు అన్నాడు: “అమ్మా, ఆ సినిమాల ఆయన గుడ దాన్ని ఇంటికి తేలేదు గదా. రోజూ ఆయనే దానింటికి పోయిండు.” రెండేళ్ల కిందట అదే సినిమా ఇద్దరం చూశాం. ఆ మాట మాకు అప్పుడు తట్టలేదు. కొత్త తొట్టి ముచ్చట మళ్లీ మా ఇంట్లో రాలేదు. జోకరు చేపలు రెండూ ఇప్పటికీ ఉన్నాయి. వాటి పని మాత్రం ఇప్పుడు ఆదివారం ఆదివారం వాడే చేస్తాడు. చెయ్యాల్సినవి, చెయ్యకూడనివి ఒక కాగితం మీద రాసి తొట్టి పక్కన అంటించాడు. మొదటి లైను: ‘రాగి చెంబు వద్దు.’

మీ ఇంట్లో పిల్లలు ఇట్లాంటివి అడిగితే, ఒక్కసారే వద్దని కొట్టేయకండి. కూర్చోబెట్టి లెక్క వేయించండి. ఈ కింది మాటలు గుర్తుంచుకోండి.

1. ఆక్టోపస్‌ను మాత్రం ఇంటికి తేవద్దు. దాని తెలివికి గాజు పెట్టె చాలదు. నీలి ఉంగరాల రకమైతే ప్రాణాపాయం కూడా. అరచేతిలో పట్టేంత ఉంటుంది, దాని విషానికి విరుగుడు మందు లేదు. బ్రిటన్‌లో 2022లో చేసిన చట్టం ఆక్టోపస్‌లకు నొప్పి, బాధ తెలుస్తాయని ఒప్పుకుంది. అమెరికాలో వాషింగ్టన్, కాలిఫోర్నియా రాష్ట్రాలు 2024లో ఆక్టోపస్‌లను ఫారాల్లో పెంచడాన్నే నిషేధించాయి.

2. ఉప్పునీళ్ల తొట్టి పెట్టాలనుకుంటే తొట్టెల్లో పుట్టిన చేపల్నే అడిగి తెచ్చుకోండి. నిజమైన పగడపు రాళ్లు, సముద్రపు గుర్రాలు అమ్మజూపితే కొనకండి. 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టం కింద అవి రక్షిత జీవాలు. మన రామచిలుకను పంజరంలో పెట్టడం కూడా ఆ చట్టం ప్రకారం తప్పే.

3. తొట్టి ఉన్న గదిలో దోమల మందు, బొద్దింకల మందు స్ప్రే కొట్టకండి. అవి నీళ్లలో కలిస్తే చేపలకు చాలా ప్రమాదం. సబ్బు చేతులు, నూనె చేతులు తొట్టిలో పెట్టకండి.

4. రాగి, ఇత్తడి పాత్రలతో నీళ్లు పోయకండి. ప్లాస్టిక్ మగ్గు ఒకటి తొట్టికని వేరుగా పెట్టుకోండి.

5. జీవం ఇంటికి వచ్చే ముందే, దాని పని ఏ రోజు ఎవరు చేయాలో కాగితం మీద రాసి గోడకు అంటించండి. అందులో మీ పేరు ఒక్కటే ఉంటే, ఆ కాగితం చింపేసి మళ్లీ రాయించండి.

లచ్చిమిని పెరట్లో తులసి కోట పక్కన పాతిపెట్టాను. రాగి చెంబులో నీళ్లు మేమిప్పటికీ తాగుతున్నాం. దాన్ని తోమేటప్పుడల్లా అది గుర్తొస్తుంది.

వచ్చే వారం ఇంకో ముచ్చటతో కలుసుకుందాం. అంతవరకు సెలవు. అన్నట్టు, మధ్యాహ్నం అన్నం తిన్నారా?